పండగ పూట డ్యూటీ ఎవరిది?

మా బావగారికి ఏటా డిసెంబరు నెలలో ఒక జబ్బు చేస్తుంది. జలుబూ కాదు, దగ్గూ కాదు, నిట్టూర్పుల జబ్బు. నవంబరు ఆఖర్న మొదలై సంక్రాంతి నాటికి గాని దిగదు. ఉండేది న్యూజెర్సీలో. సాయంత్రమయ్యేసరికి శాలువా కప్పుకుని సోఫాలో చేరతారు. టీవీలో నలభై, యాభై, అరవై ఏళ్ళ కిందటి అమెరికా హాస్య సీరియళ్ళు పెట్టుకుంటారు. అందులోనూ అన్నీ కాదు, క్రిస్మసుకీ థాంక్స్‌గివింగుకీ తీసిన పండగ ఎపిసోడ్లు మాత్రమే. చూసినంతసేపూ పడిపడి నవ్వుతారు. అయిపోగానే ఓ నిట్టూర్పు విడిచి, "ఆ రోజులే వేరు!" అంటారు.

రెండేళ్ళ కిందట శీతాకాలంలో రెండు నెలలు అక్క దగ్గర ఉన్నాను గనక ఆ నిట్టూర్పులన్నీ లెక్కపెట్టే భాగ్యం నాకు కలిగింది. అదొక్క బావగారి జబ్బే అయితే నేను ఇంత కాగితం ఖరాబు చేసేదాన్ని కాదు. డిసెంబరు వచ్చిందంటే అక్కడి పత్రికల నిండా "మనం మరచిపోలేని పది పండగ ఎపిసోడ్లు" అంటూ జాబితాలు. ఆ జాబితాల కింద అందరిదీ ఒకటే పాట: అప్పట్లో ఇంటిల్లిపాదీ ఒక్క టీవీ ముందు కూర్చునేవాళ్ళమనీ, హాస్యం ఎంత స్వచ్ఛంగా ఉండేదనీ, కుటుంబమంటే కుటుంబంలా, పండగంటే పండగలా ఉండేదనీ.

చెప్పొద్దూ, ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

సిట్‌కామ్ అంటే తెలియనివారు ఉంటే వారికోసం రెండు ముక్కలు. అరగంట కథ, ప్రకటనలు పోను పాతిక నిమిషాలు. వారం వారం అదే ముందుగది, అదే సోఫా, అవే ముఖాలు. సెప్టెంబరులో మొదలై ఎండాకాలం ముందు దాకా నడిచేవి. అంచేత తెరమీది వాళ్ళకీ చూసేవాళ్ళకీ ఒకటే క్యాలెండరు. మనింట్లో పండగ వారమైతే వాళ్ళింట్లోనూ పండగే. దీపావళి సంచికా, సంక్రాంతి సంచికా చదివి పెరిగిన మనకి ఇదేం వింత కాదు. నేనూ అల్లాంటి కథలు రాశాను. దీపావళి కథ రాసేది ఆగస్టులో, ఉక్కపోతలో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో. వాళ్ళ క్రిస్మసూ అంతే. లాస్ ఏంజిలెస్ ఎండలో, స్టూడియో గోడల మధ్య, కొన్ని వారాల ముందే కానిచ్చేస్తారు. కిటికీ అవతల రాలే మంచు అసలు మంచు కాదు. దానికి నాకేం బాధ లేదు. ఉత్తుత్తి మంచు కింద కూర్చుని ఉన్నమాట చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. నా కోపమల్లా చూసేవాళ్ళ మతిమరుపు మీద.

పోనీ, బావగారి జాబితాలోంచే తీసుకుందాం. నేను కొత్తగా చేర్చేది ఏమీ లేదు.

"హనీమూనర్స్" అని ఒకటుంది. 1955 డిసెంబరు 24న వచ్చిన ఎపిసోడు. బస్సు డ్రైవరు రాల్ఫ్ తన భార్య ఆలిస్‌కి కానుకగా అగ్గిపుల్లలు అంటించి చేసిన పెట్టె ఒకటి కొని దాస్తాడు. తీరా చూస్తే పక్కింటావిడ కూడా ఆలిస్‌కి అదే పెట్టె తెచ్చి ఇస్తుంది. డబ్బు లేదు. ప్రాణప్రదమైన బౌలింగు బంతి అమ్మేసి ఆలిస్‌కి ఇంకో కానుక కొంటాడు. ఆలిస్ ఇచ్చిన కానుక విప్పితే ఆ బంతి పెట్టుకునే సంచి! ఓ హెన్రీ కథ చదివినవాళ్ళకి ఈ గిలక ఎక్కడిదో చెప్పక్కర్లేదు. సరే, తియ్యటి కథే. కాని ఆ ఇల్లు చూశారా? ఒక బల్ల, ఒక పొయ్యి, ఒక బీరువా, గోడకి రంగు కూడా సరిగా లేని వంటగది. ఆ పండగలో నవ్వూ ఏడుపూ రెండూ చేతిలో పైసా లేకపోవడం లోంచే వచ్చాయి.

తరవాత "మాష్". కొరియా యుద్ధంలో అమెరికా సైన్యపు గుడారాల ఆస్పత్రి. 1980 డిసెంబరు 15న వచ్చిన ఎపిసోడులో క్రిస్మసు రోజున తలకి గుండు తగిలిన సిపాయిని మోసుకొస్తారు. బతికే ఆశ లేదు. జేబులో పెళ్ళాం బిడ్డల ఫొటో ఉంటుంది. ఆ పిల్లలకి జన్మంతా క్రిస్మసు తండ్రి తద్దినం కాకూడదని ఇద్దరు డాక్టర్లూ ఒక నర్సమ్మా అతన్ని అర్ధరాత్రి దాటేదాకా ఎల్లాగైనా నిలబెట్టాలని చూస్తారు. అవతల గుడారంలో పండగ విందు నడుస్తూంటుంది. అర్ధరాత్రి కాకుండానే అతను పోతాడు. అప్పుడు ఒక డాక్టరు లేచి గోడ గడియారం ముల్లు ముందుకి తిప్పుతాడు. జీవితంలో ఒక్క దొంగలెక్క రాయని ఆ నర్సమ్మ మరణించిన తేదీ డిసెంబరు 26 అని రాస్తుంది.

అదే ఎపిసోడులో ఇంకో ముక్క. డబ్బున్న డాక్టరు ఒకాయన, మహా టెక్కు, తన వంశాచారం ప్రకారం అనాథాశ్రమం గుమ్మంలో ఖరీదైన చాక్లెట్లు రహస్యంగా పెట్టి వస్తాడు. మర్నాడు కూడా కాకుండానే ఆ చాక్లెట్లు దొంగబజారులో కనిపిస్తాయి. మండిపడుతూ ఆశ్రమం నడిపే ఆయన మీదకి వెళ్తాడు. ఆయన తాపీగా చెబుతాడు, ఆ మిఠాయి అమ్మిన డబ్బుతో పిల్లలకి నెల్లాళ్ళకి బియ్యమూ క్యాబేజీ కొన్నామని. అన్నం లేని పిల్లలకి మిఠాయి పెట్టబోయిన తన బుద్ధికి ఆ టెక్కు మనిషి సిగ్గుపడిపోతాడు. ఆ క్షణం నాకెంత నచ్చిందో చెప్పలేను. (ఈ సీరియల్లో ఆపరేషన్ గది చూపించినప్పుడు మాత్రం వెనక నుంచి నవ్వులు వినిపించవు. తీసినవాళ్ళు పట్టుపట్టి మరీ మానిపించారట. హాస్యం తెలిసినవాళ్ళకే నవ్వు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.)

ఇంకొకటి, "ఆల్ ఇన్ ద ఫ్యామిలీ". 1976లో సరిగ్గా క్రిస్మసు రాత్రి వచ్చింది. ఒకే భోజనాల బల్ల దగ్గర ఇద్దరు అతిథులు. ఒకాయన కొడుకు వియత్నాం యుద్ధంలో చచ్చిపోయాడు. రెండో అతను ఆ యుద్ధానికి వెళ్ళనని కెనడా పారిపోయిన కుర్రాడు. ఇంటి యజమాని ఆర్చీ ఆ కుర్రాడి మీద విరుచుకుపడతాడు. కొడుకుని పోగొట్టుకున్న తండ్రి లేచి ఆ కుర్రాడికి చెయ్యి అందిస్తాడు. అల్లా పారిపోయినవాళ్ళకి కార్టర్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది 1977 జనవరిలో, ఈ ఎపిసోడు వచ్చిన నాలుగు వారాలకి. అంటే దేశం ఇంకా పళ్ళు నూరుకుంటున్న రోజుల్లో, ఇంటింటా పండగ భోజనం అరుగుతున్న వేళ, ఆ పుండుని తెచ్చి బల్ల మీద పెట్టారన్నమాట.

ఇదండీ మా బావగారు చెప్పే స్వచ్ఛమైన హాస్యం. ఒక శవం, ఒక దొంగలెక్క, ఒక గర్భశోకం, ఒక ఖాళీ జేబు. ఇవన్నీ చూసి ఆయనకి మిగిలేది చెట్టూ, దాని మీద రంగు దీపాలూనూ!

అసలు గొడవ మొదలైంది క్రిస్మసు ముందురోజు సాయంత్రం.

మా అక్కకి ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. రక్తపరీక్షలూ అవీ. ఇరవై ఏళ్ళ పైబడి చేస్తోంది. చేరిన మొదటి ఏడు డిసెంబరులో తోటి ఉద్యోగిని ఒకావిడ వచ్చి, నాకు చిన్నపిల్లలు, మీకెల్లాగూ ఇది పండగ కాదు కదా, ఆ రెండు రోజులూ నా డ్యూటీ చేసిపెడతావా అనడిగిందట. అక్క సరేనంది. మర్యాదస్తురాలు, కొత్త, పైగా అడిగిన మాటలో న్యాయం కూడా ఉంది. రెండో ఏడు అడిగారు. మూడో ఏడు అడగలేదు, కాగితం మీద పేరు రాసేశారు. అక్క పిల్లలు మాత్రం చిన్నపిల్లలు కారూ? వాళ్ళకీ అవే సెలవులు. ఆ సెలవులన్నీ తండ్రి పక్కన సోఫాలో కూర్చుని ఇతరుల కుటుంబాల పండగలు చూస్తూ గడిపారు. పోనీ, మన పండగకి వదులుతారా అంటే సంక్రాంతి మంగళవారమో బుధవారమో వచ్చి కూర్చుంటుంది. అక్క డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళి, మధ్యాహ్నం పన్నెండున్నరకి మైక్రోవేవ్ పక్కన కూర్చుని తిని, మళ్ళీ గ్లవ్స్ తొడుక్కుంటుంది. నీ పండగకి నేను చేస్తాలే అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరు లేరు. అడగవేమే అంటే, "ఏమని అడగను? సంక్రాంతి అంటే ఏమిటో ముందు చెప్పాలి, ఆ ఓపిక నాకు లేదు" అంటుంది.

ఆ సాయంత్రం అక్క డ్యూటీలో ఉంది. నేను వంటింట్లో మినప్పిండి రుబ్బుకుంటున్నాను. బావగారు "మేరీ టైలర్ మూర్ షో" పెట్టారు. 1970 డిసెంబరు 19న వచ్చినది. చేతులు కడుక్కుని వచ్చి నేనూ కూర్చున్నాను.

మేరీ మిన్నియాపొలిస్ టీవీ వార్తల ఆఫీసులో పని చేసే ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. పెళ్ళి కాలేదు. క్రిస్మసు రోజు డ్యూటీ ఆమెకి పడుతుంది. సరేననుకుంటుంది. అంతలో పెళ్ళాం పిల్లలున్న సహోద్యోగి ఒకతను వచ్చి, ముందురోజు రాత్రి తన డ్యూటీ కూడా చేసిపెట్టమంటాడు. మేరీ కాదనలేదు. ఆ రాత్రి అంత పెద్ద భవనంలో ఒక్కర్తీ. ఏవో చప్పుళ్ళు, భయం. ఆఖర్ని ఆమె పై అధికారీ, ఆఫీసు స్నేహితులూ వచ్చి తోడుగా నిలబడతారు.

బావగారు కళ్ళొత్తుకున్నారు. నిజంగానే ఒత్తుకున్నారు. "చూశావా అమ్మాయ్! ఒంటరిగా ఉందని అందరూ వచ్చేశారు. ఆ ఆత్మీయత ఇప్పుడేదీ?" అన్నారు.

"మా అక్క ఎక్కడుంది బావగారూ?" అన్నాను.

"డ్యూటీలో."

"ఎవరి డ్యూటీ?"

"ఎవరిదో. వాళ్ళకి పండగ కదా, పిల్లలున్నవాళ్ళు..." అని మధ్యలో ఆగారు.

"మరి మీరు వెళ్ళరా?"

ఆయన కిటికీకేసి చూశారు. "మంచు పడుతోంది" అన్నారు.

అది మాత్రం అసలు మంచే.

పాపం, చెడ్డమనిషి కాదు. అక్క కాళ్ళు నొప్పులంటే మందు రాస్తారు. గిన్నెలు తోముతారు. కాని ఆ క్షణాన నాకు అర్థమైంది, ఈ తీపి బెంగ అనేది మనిషిని ఎంత మొద్దుబారుస్తుందో. తెరమీద అమ్మాయికి జరిగిన అన్యాయం, తన ఇంట్లో ఇరవై ఏళ్ళుగా జరుగుతున్నది, రెండూ ఒకటే. ఒకదానికి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. రెండోదాన్ని క్యాలెండరు మీద అక్క డ్యూటీలు రాసినట్టు తనే రాసి పెట్టాడు. ఆ ఎపిసోడు తీసినవాళ్ళు సూటిగానే చెప్పారు: పెళ్ళి కాని ఆడదాని పండగకి విలువ లేదని అందరూ అనుకుంటారు, ఆమె కూడా అనుకుంటుంది. ఆమె కాలానికి అందరికీ హక్కుంది. ఇది చెప్పడానికి వాళ్ళు ఆ పాతిక నిమిషాలూ ఖర్చుపెడితే, యాభై ఏళ్ళ తరవాత అందులోంచి మనం ఏరుకున్నది ఆఖరి రెండు నిమిషాల ఆత్మీయత!

నేను బి.ఏ. చదివినదాన్ని, నవలలు రాసుకునేదాన్ని. రాసినవాళ్ళ కడుపుమంట నాకు తెలుసు. నా నవలలో కథానాయిక మొగుణ్ణి వదిలేసి ఒంటరి గది తీసుకుంటే, ఒక పాఠకురాలు ఆ గది కిటికీ కర్టెన్ల వర్ణన చాలా బావుందని ఉత్తరం రాసింది.

పైగా "ఆ రోజులు" అంటారు, ఎవరి రోజులండీ? 1970లో మా బావగారు తెనాలిలో పాకుతున్నారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం తెరిచిందే 1977లో. ఈయనకి జ్ఞాపకం వచ్చే పండగ ఈయన ఎన్నడూ చెయ్యనిది, ఆ ముందుగది ఈయన ఎన్నడూ అడుగుపెట్టనిది. ఆ గదుల్లో అడుగుపెట్టనివాళ్ళు ఆ దేశంలోనే కోట్లమంది.

నాకూ ఒకటి ఇష్టమైనది ఉంది, అది ఒప్పుకోకపోతే తప్పు. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో "బివిచ్డ్" హిందీలో వచ్చేది. ముక్కు కదిపి మాయలు చేసే ఇల్లాలు సమంతా. అమెరికా ఇల్లాలు అంత చక్కటి హిందీ మాట్లాడుతుంటే మా అమ్మ మురిసిపోయేది. దాని క్రిస్మసు ఎపిసోడొకటి అక్క ఇంట్లోనే మొదటిసారి చూశాను. 1970 డిసెంబరు 24న వచ్చినది. దాని కథ రాసింది రచయితలు కారు, లాస్ ఏంజిలెస్‌లో జెఫర్సన్ హైస్కూలు పదో తరగతి పిల్లలు, ఒక క్లాసు మొత్తం కలిసి. ఎక్కువమంది నల్లజాతి పిల్లలే. సమంతా కూతురూ, భర్త ఆఫీసు స్నేహితుడి కూతురైన నల్లపిల్లా అక్కచెల్లెళ్ళం అవుదామనుకుంటారు. రంగులు వేరుగా ఉంటే అక్కచెల్లెళ్ళు కాలేరని ఎవరో అంటారు. సమంతా కూతురు మంత్రం వేస్తే ఈ పిల్ల ఒంటి మీద నల్లచుక్కలూ, ఆ పిల్ల ఒంటి మీద తెల్లచుక్కలూ తేలతాయి! ఇంతలో వ్యాపారం ఇవ్వవలసిన పెద్దమనిషి ఒకడు ఇంటికొస్తాడు. తలుపు దగ్గర నల్లపిల్లని చూసి ఈ ఇంటి యజమాని నల్లామెని పెళ్ళాడాడనుకుని వ్యాపారం ఎగ్గొడతాడు. సమంతా ముక్కు కదిపి వాడి కళ్ళకి అందరూ నల్లగా కనిపించేలా చేస్తుంది.

ఆ చివర్లో తెల్లనటుల ముఖాలకి నల్లరంగు పూశారు. ఇప్పుడు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, జలదరించాలి కూడా. నల్లవాళ్ళని వెక్కిరించడానికి తరతరాలుగా వాడిన వేషం అది. అయినా ఆ కథ పట్టుకొచ్చిన పిల్లల్ని తలుచుకుంటే నాకు గౌరవమే. వాళ్ళకి ఆ రోజుల మీద బెంగ ఎందుకుంటుంది? వాళ్ళకి ఆ రోజులు మారాలని ఉండబట్టే కదా అది రాశారు. ఇప్పుడు వాళ్ళ కోపాన్ని కూడా తీసుకెళ్ళి "మన స్వర్ణయుగం" అల్మారాలో పెట్టేసి, పక్కన మల్లెపూల అత్తరు చల్లితే ఎల్లా?

వంట సంగతి ఎత్తకుండా ఈ వ్యాసం ముగిస్తే మా పాఠకురాళ్ళు నన్ను క్షమించరు.

థాంక్స్‌గివింగ్ అంటే నవంబరు నాలుగో గురువారం. టర్కీ కోడిని గంటల తరబడి ఓవెన్‌లో పెట్టి కాల్చే పండగ. "చీర్స్"లో 1986 నవంబరు 27న వచ్చిన ఎపిసోడు అందరి జాబితాల్లోనూ ఉంటుంది. ఎక్కడికీ వెళ్ళే దారిలేని బారు జనమంతా కార్లా ఇంట్లో చేరతారు. కోడి ఎంతకీ ఉడకదు. ఆకలి, విసుగు, దెప్పిపొడుపులు, ఆఖరికి ఒకరి మీద ఒకరు వంటకాలు విసురుకోవడం. జనం దాన్ని తలుచుకుని ఇప్పటికీ నవ్వుతారు. నేనూ నవ్వాను. నవ్వాక రెండు సంగతులు గుచ్చుకున్నాయి. ఒకటి: ఆ బారులో పని చేసే డయాన్‌ని ఆమె ప్రొఫెసరు పండగ విందుకి పిలుస్తాడు. పొంగిపోయి వెళ్తుంది. తీరా వెళ్ళాక తెలుస్తుంది, పిలిచింది తినడానికి కాదు, వడ్డించడానికి. రెండోది: నార్మ్ అనే అతను ఏళ్ళ తరబడి బారులో కూర్చుని పెళ్ళాం మీద జోకులు వేస్తూంటాడు. ఆ వెరా ఎవరికీ కనిపించదు. ఈ ఎపిసోడులో మొదటిసారి గుమ్మంలోకి వస్తుంది. రాగానే ఎవరో విసిరిన తీపి వంటకం తిన్నగా వచ్చి ముఖానికి కొట్టుకుంటుంది. ముఖం కనపడదు. మొత్తం పదకొండేళ్ళు నడిచిన సీరియల్లో ఆ ఇల్లాలి ముఖం మనకి చూపించనే లేదు!

"ఫ్రెండ్స్" వచ్చేసరికి వంటంతా మోనికా మెడకి చుట్టుకుంది. 1994 నాటి మొదటి థాంక్స్‌గివింగ్‌లోనే ఒక్కొక్కరికి ఒక్కో రకం ఆలుగడ్డ వండాలి, ఎంచేతంటే ఒక్కొక్కరికి వాళ్ళ అమ్మ వండినట్టే కావాలి. చదువుతున్నారా? ఈ వాక్యం మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా?

మా అమ్మ సంక్రాంతికి మూడు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ రోజులే వేరు అన్న మాట నేను ఆవిడ నోట వినలేదు. నాన్నగారి నోట చాలాసార్లు విన్నాను.

అన్నిటికన్నా నాకు నవ్వొచ్చింది లూసీ సంగతి. "ఐ లవ్ లూసీ" క్రిస్మసు ఎపిసోడు 1956 డిసెంబరు 24న వచ్చింది. అందులో నలుగురూ చెట్టు అలంకరిస్తూ ఏం చేస్తారనుకున్నారు? పాత రోజులు తలుచుకుంటారు! అంతకుముందు ఎపిసోడ్లలోని ముక్కలే మళ్ళీ చూపిస్తారు. మా బావగారు నిట్టూర్చే ఆ బంగారు రోజుల్లో ఉన్నవాళ్ళు కూడా, అంతకు నాలుగేళ్ళ ముందు రోజులే వేరు అని నిట్టూరుస్తూ కూర్చున్నారన్నమాట. తరవాత దాన్ని మిగతా వాటితోపాటు మళ్ళీ మళ్ళీ వేసే జాబితాలో చేర్చనే లేదు. ముప్ఫై ఏళ్ళ పైన ఎవరికీ కనపడకుండా పడుంది. 1989లో తవ్వి తీశారు. 2013లో రంగులద్ది మళ్ళీ వేశారు. దాన్ని "మా చిన్నప్పటి నుంచీ ప్రతి క్రిస్మసుకీ చూసేవాళ్ళం" అనేవాళ్ళని నేను స్వయంగా ఇద్దర్ని ఎరుగుదును.

బావగారూ తక్కువ తినలేదు. ఆయనకి అన్నిటికన్నా ప్రాణం "డబ్ల్యు.కె.ఆర్.పి. ఇన్ సిన్సినాటీ". చిన్న రేడియో స్టేషను కథ. ప్రచారం కోసం హెలికాప్టర్లోంచి బతికున్న టర్కీ కోళ్ళని జనం మీదికి వదులుతారు. అవి ఎగరలేవని వదిలినాయనకి తెలియదు! కోళ్ళు రాలడం మనకి చూపించరు, చూస్తున్న విలేకరి గొంతు మాత్రం వినిపిస్తారు. కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. ఇది సరిగ్గా థాంక్స్‌గివింగ్ రాత్రి వచ్చిందని ఆయన పందెం కాశారు. చూస్తే 1978 అక్టోబరు 30. పండగ ఇంకా మూడు వారాల పైన ఉంది.

పందెం ఓడిపోయాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పారు. 1991లో ఒహాయోలో చదువుకోడానికి వచ్చారు. నవంబరులో ఆ గురువారం హాస్టలు ఖాళీ అయిపోయింది. మెస్సు మూసేశారు, కొట్లు మూసేశారు, బస్సుల్లేవు. ఇంటికి ఫోను చెయ్యాలంటే నిమిషానికి ఎంతో లెక్క చూసుకోవాలి. అన్నం వండుకుని పెరుగు కలుపుకుని టీవీ ముందు కూర్చున్నారు. పాత సీరియళ్ళు వరసగా వేసే ఛానెళ్ళు ఉండేవి, "నిక్ ఎట్ నైట్" లాంటివి. ఆ కోళ్ళ కథ ఆ రాత్రే చూశారు. ఒక్కరే పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి, పక్కన ఎవరూ లేరని తెలిసి, టీవీ కట్టెయ్యడానికి భయమేసి తెల్లవార్లూ అల్లాగే ఉంచారట. ఆయనకి థాంక్స్‌గివింగ్ అంటే అదీ.

నేను మెత్తబడ్డాననే చెప్పాలి. కాని పూర్తిగా వదల్లేదు. "మరి ఇది చెప్పరేం బావగారూ? కుటుంబం, విలువలు, ఆత్మీయత అని దేశం మీద పడతారేం? మీకు గుర్తొచ్చేది కుటుంబం కాదు, అన్నం గిన్నె పట్టుకుని ఒంటరిగా కూర్చున్న కుర్రాడు. ఆ కుర్రాడే చెబితే మా అక్క ల్యాబ్‌లో ఎల్లా ఉంటుందో మీకు ఒక్క క్షణంలో తెలిసేది" అన్నాను. మరదలి నోరు అంత మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన నవ్వేసి టీవీ కట్టేశారు. ఆ రాత్రి పదకొండున్నరకి అక్క వచ్చింది. వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఆవిడకి అట్టు వేసి ఇచ్చింది నేనే.

ఆ తరవాత ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. మొన్న డిసెంబరులో కూడా కాగితం మీద అక్క పేరే ఉంది. బావగారు మాత్రం ముందు వారం ఒక రాత్రి అక్కని బలవంతాన సోఫాలో కూర్చోబెట్టి ఆ మేరీ ఎపిసోడు చూపించారట. ఇన్నేళ్ళలో ఆవిడ అది చూడ్డం అదే మొదలు. పొద్దున్న ఫోను చేసింది.

"ఎల్లా ఉందే?" అన్నాను.

"ఏమో, సగంలోనే నిద్రపోయాను. ఆ పిల్ల ఒక్కర్తీ చీకట్లో భయపడుతోంది, అంతవరకే చూశాను."

"తరవాత అందరూ వస్తారే!"

"వస్తారుట, మీ బావ చెప్పారు." ఆవలించింది. "ఒకటి చెప్పవే. ఆ రెండో డ్యూటీకి దానికి ఓవర్‌టైమ్ ఇచ్చారా, లేదా?"